డాలరు మేస్త్రీ పలక

మా బావ జిరాక్సు మిషన్ల మెకానిక్కు. కొట్టు ముందు ఒక పలక వేలాడదీసేవాడు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే దాని మీద ఆ రోజు డాలరు రేటు రాసి, ఆ తర్వాతే స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు. డ్రమ్ములూ రోలర్లూ అన్నీ బయటి దేశాల నుంచే రావాలి కదా, రేటు పెరిగితే ఆయన ధరా పెరిగేది. ఎవరైనా బేరమాడితే, "నన్నెందుకు అడుగుతారండీ, డాలర్ని అడగండి" అనేవాడు. వీధంతా ఆయన్ని డాలరు మేస్త్రీ అనేది. పక్కనే నా బైండింగు కొట్టు. కాబట్టి ఆయన ఉపన్యాసాలన్నీ నాకు ఉచితం.

మా అక్కకు చిన్నతనం నుంచీ వినికిడి కొద్దికొద్దిగా తగ్గుతోంది. ఎప్పటికైనా పూర్తిగా పోతుందనీ, అప్పుడు ఆపరేషను చేసి చెవి లోపల మిషను పెట్టాలనీ, అది విదేశాల నుంచే వస్తుందనీ వాళ్ల పెళ్లయిన కొత్తలోనే డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు నుంచి బావ దానికోసం కూడబెట్టడం మొదలుపెట్టాడు. సిగరెట్లు మానేశాడు. ఒకే చెప్పుల జతను కుట్టించుకుంటూ తొడుక్కున్నాడు. ఈ ఒక్క విషయంలో ఆయన్ని ఏమైనా అనడానికి నాకు నోరు రాదు. కాకపోతే దాచినదంతా బ్యాంకు డిపాజిట్టులోనే, మన డబ్బులోనే.

అక్క ఇన్సూరెన్సు ఆఫీసులో గుమస్తా. ఒక ఆదివారం కొట్లో ఫ్యాను కింద కూర్చుని మొదలుపెట్టింది.

"ఏవండీ, కొనబోయేది డాలర్ల వస్తువు. దాచేది మాత్రం మన డబ్బులోనా? ఓ మూడో వంతు విదేశీ ఇండెక్సు ఫండులో వేద్దాం. ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలన్నిట్లో చిటికెడు చిటికెడు వాటా వస్తుంది. మన డబ్బు విలువ పడినా మనం మరీ మునిగిపోం."

"షేర్లేగా? అవి పడితే?"

"పడొచ్చు. అందుకే అంతా వద్దు, కొంతే అంటున్నా. పదేళ్లు ముట్టుకోకూడదు కూడా."

"కంటికి కనపడని కంపెనీలకు నా కష్టం ధారపోస్తానా? నీ లెక్కలు నీ ఆఫీసులో చూసుకో" అని నవ్వేశాడు బావ.

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అక్క తర్వాత కూడా రెండు మూడుసార్లు అడిగి, గోడకు చెప్పుకున్నట్టుందని ఊరుకుంది. ఖర్మ కాకపోతే ఏమిటి! డాలరు పెరిగిందని రోజూ ఊరంతా చాటే మనిషి, తన ఇంటికి కావలసిన వస్తువు కూడా డాలర్లలోనే ఉందని ఒక్కనాడు ఆలోచించలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

ఏటికేడు డిపాజిట్టు పెరిగింది. మిషను ధర అంతకన్నా జోరుగా పెరిగింది. రెండేళ్ల కిందట మన డబ్బు విలువ ఒక్కసారిగా కుప్పకూలింది. అదే ఏడు అక్కకు రెండు చెవులూ పూర్తిగా పోయాయి. డిపాజిట్టు విడిపించుకుని బావా నేనూ ఆసుపత్రికి వెళ్లాం. వాళ్లు చెప్పిన ధరలో మా దగ్గర సగం కూడా లేదు. బావ బేరమాడబోయాడు.

"మా చేతుల్లో ఏముందండీ, డాలరు పెరిగింది" అంది కౌంటరులో అమ్మాయి.

తిరిగొచ్చే దారి పొడవునా ఆయన్ని చూస్తే నాకు తిట్టాలనీ ఉంది, ఏడవాలనీ ఉంది.

మేం వచ్చేసరికి అక్క కొట్లో పార్టులు తుడుస్తూ కూర్చుని ఉంది.

"తప్పు నాదే. నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు బావ.

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట రాగా నేను వినలేదు. అక్క తలెత్తలేదు. మళ్లీ గట్టిగా అరిచాడు. ఎదురు కొట్టువాళ్లు తొంగిచూశారు. అక్క రోలరు తుడుచుకుంటూనే ఉంది.

అప్పుడు బావ పలక దింపి, రేటు చెరిపేసి, ఆ మాటే రాసి ఆమె ఒళ్లో పెట్టాడు. అక్క నిదానంగా చదివింది.

"ఈ మాట ఆ రోజే అని ఉంటే, నా చెవులతో వినేదాన్ని కదండీ" అంది. తన గొంతు తనకే వినపడక, కాస్త గట్టిగానే అంది.

ఆ పలక మీద బావ మళ్లీ రేటు రాయలేదు. ఇప్పుడది వాళ్ల వంటింట్లో ఉంది. అక్క మాట్లాడుతుంది, బావ రాస్తాడు.