'నొప్పి ఎక్కడ' అన్న మాట ఆలస్యంగా నేర్చుకున్నాను

మాది జనగామ. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎనిమిది నెలల కింద ఒక పొద్దున నా భార్య జొన్నరొట్టె చేస్తుంటే పిండి పీట మీద నిలవలేదు. కుడిచెయ్యి ఒత్తడం లేదు. "చెయ్యి తిమ్మిరెక్కింది" అంది. బీపీ గోలీ ఇచ్చి పండుకోమన్నాను. గంటకు మూతి వంకర పోయింది.

అప్పుడన్నా దవాఖానకు పోవాల్సింది. మహబూబాబాద్ అవతల పక్షవాతానికి పసరు పోస్తారని చుట్టమొకాయన ఫోన్‌లో చెప్తే, కారు మాట్లాడుకుని అటు పోయాను. చదువు రాక కాదు, భయానికి బుద్ధి పనిచేయలేదు. దవాఖానకు చేరేసరికి సాయంత్రమైంది. సీటీ స్కాన్ చూసి డాక్టరు, "స్ట్రోక్. మెదడులో ఎడమవైపు క్లాట్ ఉంది. పొద్దున్నే వచ్చుంటే అది కరిగే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం" అన్నాడు.

పన్నెండు రోజులు ఉన్నాం. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. డాక్టరు దాన్ని అఫేజియా అన్నాడు. ఇంటికొచ్చిన మూడో వారం ఆమె నోరు తెరిచింది. వచ్చింది తెలుగు కాదు, లంబాడీ మాట.

ఆమెది గార్ల దగ్గరి తండా. అసలు పేరు కమిలి. నేను ఇష్టపడి చేసుకున్నాను. మా అమ్మ ఆమెను కమల అని పిలిచి, "ఈ ఇంట్ల ఆ భాష మాట్లాడొద్దు బిడ్డా" అంది. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు ఆమె తెలుగే మాట్లాడింది. మా బిడ్డకు కూడా ఒక్క లంబాడీ ముక్క రాదు.

డాక్టరుని అడిగితే, "కొందరికి చిన్ననాటి భాషే ముందు తిరిగొస్తుంది. మీరు నేర్చుకోండి" అన్నాడు. అరవై రెండేళ్ల వయసులో నాకు బడి మొదలైంది.

బిడ్డ భూపాలపల్లి నుంచి వచ్చి, వాళ్ల చిన్నమ్మ మంగ్లికి ఫోన్ కలిపింది. మంగ్లి చెప్తుంటే క్యాలెండర్ వెనక రాసుకున్నాను. ఊట్ అంటే లే. బేస్ అంటే కూర్చో. బాటి ఖా, అన్నం తిను. పాణి పీ, నీళ్లు తాగు. నాకు కావల్సినవి అవే అనుకున్నాను. పని నడుస్తుంది కదా.

పని నడిచింది, మనిషే నడవలేదు. పొద్దున్నే "ఊట్" అని కుడిచెయ్యి పట్టి లేపేవాణ్ని. ఆమె "దూకచ, దూకచ" అనేది. నేను రాసుకున్నవాటిలో ఆ మాట లేదు. మొండికేస్తోందనుకుని ఇంకా గట్టిగా లాగాను. అలసిపోయి ఉన్నాను. వండడం, తుడవడం, బట్టలు మార్చడం, మళ్లీ వండడం. కోపం కూడా చేశాను, దాచేదేముంది.

మూడు వారాలకు మంగ్లి చూడ్డానికి వచ్చింది. నేను లేపుతుంటే గుమ్మంలోనే కేకేసింది.

"బావా, ఇడువు! నొస్తున్నదంటున్నది. ఇనవడ్తలేదా నీకు?"

చెయ్యి వదిలేశాను. మళ్లీ దవాఖాన, ఎక్స్‌రే. "పడిపోయిన చెయ్యి పట్టి లాగుతున్నారా? భుజం కీలు జారింది, సబ్‌లక్సేషన్" అన్నాడు డాక్టరు. చేతికి పట్టీ వేసి, ఫిజియోథెరపీ మొదటికి తెచ్చారు. రెండు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

ఆ సాయంత్రం మంగ్లి క్యాలెండర్ తిప్పి చదివింది. "లే, కూసో, తిను, తాగు. ఎడ్లకు చెప్పినట్టున్నది గద బావా. అక్కను అడిగే మాట ఒక్కటన్న రాసుకున్నవా?"

తెలుగులో మాత్రం ఏనాడు అడిగాను? పెన్ను మంగ్లి చేతికిచ్చాను. కింద ఖాళీలో కొత్తగా రాయించుకున్నాను. కత్ దూకచ? ఎక్కడ నొస్తోంది?

మొదటిసారి అడిగినప్పుడు నా భార్య నా ముఖంలోకి చూసింది. తర్వాత ఎడమచేత్తో భుజం చూపించింది, మెడ చూపించింది, ఆఖరికి కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. మూడు నొప్పులు, ఇన్నాళ్లూ ఒక్కటీ నాకు తెలియదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తుంది. తెలుగు నాలుగు మాటలు వచ్చాయి, మిగతాదంతా లంబాడీయే. రోజులు నెమ్మదిగానే ఉన్నాయి, నాకు అలసట తీరడం లేదు. నేను కమిలి అనే పిలుస్తున్నాను. మొన్న పొద్దున "కత్ దూకచ?" అంటే "ఛేని" అంది, లేదని. నేను లేవబోతుంటే నా చొక్కా పట్టుకుని, "తూ?" అంది. నీకు?

నడుం, అని చూపించాను. ఈ ఎనిమిది నెలల్లో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. కళ్లలో నీళ్లు ఆగలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా మాట పడిపోతే, వాళ్లు చిన్నప్పుడు మాట్లాడిన మాటలో పది ముక్కలు నేర్చుకోండి. 'నొప్పి ఎక్కడ' అన్నది ముందు నేర్చుకోండి. 'లే', 'కూర్చో' తర్వాతైనా నేర్చుకోవచ్చు.