ఎండకు ఆరబెట్టిన బరఫ్

మా అక్క జడ్చర్లలో ఇంటి అరుగు మీద సీతాఫలం ఐస్‌క్రీం అమ్మేది. ఊళ్లో దాన్ని మలాయి బరఫ్ అనేవారు. అది తయారయ్యే బకెట్టు నేను చేసిందే. హైదరాబాదులో మూడేళ్లు యంత్రాల పని నేర్చుకుని తిరిగివచ్చాక నా చేతుల మీదుగా రూపొందిన మొదటి పనికొచ్చే వస్తువు అది. టేకు పలకల తొట్టి, అందులో కళాయి పూసిన రాగి డబ్బా, డబ్బాలో చెక్క తెడ్డు. పిడి తిప్పితే డబ్బా ఒక దిక్కుకూ, తెడ్డు దానికి ఎదురు దిక్కుకూ తిరిగేలా మూడు పళ్లచక్రాలు అమర్చాను. తొట్టికీ డబ్బాకూ నడుమ మూడు పాళ్ల మంచుకు ఒక పాలు రాళ్ల ఉప్పు నింపాలి. అక్క నియమాలు వేరు. సీతాఫలం గుజ్జును పాలతో కలిపి కాచకూడదు, చేదెక్కుతుంది. పాలు చిక్కబడి పూర్తిగా చల్లారాకే కలపాలి. గింజలు వేళ్లతోనే తీయాలి.

సంత రోజున అరుగు ముందు నిలబడటానికి చోటుండేది కాదు. స్టేషన్ రోడ్డు మీద జిన్నింగు మిల్లు సేటు గది ఒకటి ఖాళీగా ఉంది. సోడాలు అమ్మేవాడు కూడా దాని కోసం తిరుగుతున్నాడని తెలిసి అక్క నన్ను వెంటబెట్టుకుని సేటు దగ్గరికి వెళ్లింది.

“కార్తీకంల మా బిడ్డ పెండ్లి,” అన్నాడు సేటు. “మూడు వందల మందికి నీ బరఫ్ తినిపియ్యి. మంచిగుంటే జాగా నీది. నీళ్లోలె ఉన్నదనుకో, సోడలాయనకు ఇస్త.”

నేను మరో మూడు బకెట్లు చేశాను. అక్క హైదరాబాదు నుంచి నాలుగు మణుగుల మంచు తెప్పించే ఏర్పాటు చేసింది. రంపపు పొట్టులో పొదిగి, గోనెల్లో కుట్టి పంపితే దారిలో ఒక మణుగు కరిగి, మూడు చేరతాయని మా అనుభవం.

పెళ్లినాటి పొద్దున మేం స్టేషన్‌కు చేరేసరికి రైలు వచ్చి వెళ్లిపోయి చాలాసేపయింది. దారిలో మా ఎడ్లబండి ఇరుసు చీల ఊడి ఆలస్యమైంది. మా మూటలను ఎప్పుడూ నీడలో ఉంచే హమాలీ ఆ రోజు సెలవులో ఉన్నాడు. అతని బదులు వచ్చినవాడు అమ్రాబాద్ అడవి వైపు మనిషి, నలభై ఏళ్లవాడు. మంచును జన్మలో చూడలేదు. ప్లాట్‌ఫారం చివర, ఎండ నిండుగా పడే చోట, అతను గోనెలు విప్పి, పొట్టు శుభ్రంగా దులిపి, గడ్డలను వడియాల్లా వరుసగా పరిచి పెట్టాడు.

“మీ సామానంత నానింది అక్కా,” అన్నాడు ఎంతో నొచ్చుకుంటూ. “బండిల ఎవడో నీళ్లు పోసిండు. అందుకే ఎండబెట్టిన. ఇంక జరసేపైతే ఆరుతయి.”

“ఆరితే ఏం మిగుల్తదయ్యా!”

“నేను గదే చూస్తున్న. ఆరిన కొద్దీ చిన్నగైతున్నయి. గిదేం సామానో సమజైతలేదు.”

అక్క అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తరువాత ప్లాట్‌ఫారం మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కన్నీళ్లు కారేలా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా హమాలీ కూడా నవ్వాడు. నేనూ నవ్వుతూనే మిగిలిన గడ్డలను సరుకుల గది కాటా మీద తూచాను. ఒక మణుగు ఆరు శేర్లు.

“నవ్వు ఆపి చెప్పు తమ్మీ, ఎంతమందికొస్తది?”

పాలు బావినీళ్లంత వెచ్చగా ఉంటే వందమందికి. కానీ మంచులో పెద్ద భాగం పాలను చల్లబరచడానికే ఖర్చవుతుంది. ఆ పని ఇంకేదైనా చేసిపెడితే, ఉన్న మంచు గడ్డకట్టించడానికి సరిపోతుంది. సురేకారం నీళ్లలో కరిగేటప్పుడు నీళ్ల వేడిని లాగేస్తుందని మాకు పాఠం చెప్పారు. దీపావళి అప్పుడే దాటింది; మందుగుండు చేసే ముసలాయన ఇంట్లో సురేకారం మిగిలి ఉంటుంది. మిగిలిన గడ్డలను మళ్లీ పొట్టులో పొదిగి, హమాలీతో సహా ముగ్గురం బండెక్కాం.

“నా మందు నీళ్లల్ల కలుపుతవా?” అన్నాడాయన. “దానికన్న నా కొంపకు అగ్గివెట్టు, జర ఎలుగన్న వస్తది.”

“నీళ్లు ఎండితే నీ సురేకారం మల్ల నీకొస్తది మామా. తూకం ఏసి ఇస్త,” అన్నాను.

ఆ మాట వినగానే హమాలీ ముఖం వెలిగింది. “ఎండబెట్టుడు నాకిడువుండ్రి!”

అక్కకు మళ్లీ నవ్వు ముంచుకొచ్చింది. ముసలాయన ఆమె వైపు చూసి, తనూ నవ్వేసి, బస్తా మూతి విప్పాడు; మందుతో పాటు తనూ మా వెంట వచ్చాడు.

నా దగ్గరున్న థర్మామీటరు సేటు పెరటి బావినీళ్లలో డెబ్బై ఆరు డిగ్రీల ఫారన్‌హీటు చూపింది. ఆ నీళ్లున్న గంగాళంలో సురేకారం పోసి, పాల బిందెలు దించి కలిపితే అరవై రెండుకు దిగింది. రెండో గంగాళంలో పోయాల్సిన నీళ్లను ముందుగా బిందెల్లో పట్టి, ఈ చల్లటి నీళ్లలోనే ఉంచి చల్లార్చాం. అందులో మిగతా సురేకారం పోసి, పాల బిందెలు దించాక పాలు యాభై దగ్గర నిలిచాయి. అంకె దిగిన ప్రతిసారీ నేను బయటికి చదివాను. చదివిన ప్రతిసారీ మందుగుండు ముసలాయన “షాబాష్” అని తొడ చరిచాడు.

అప్పుడు మంచు, ఉప్పు. నాలుగు బకెట్లకు నలుగురం కూర్చున్నాం. గడ్డకడుతున్న కొద్దీ పిడి బరువెక్కుతుంది, చక్రాల చప్పుడు మందగిస్తుంది. అక్క చెవి దాని మీదే ఉంది.

“మామా, మీది సుస్తయింది. తిప్పుండ్రి!”

“సుస్తయింది బకెట్ కాదు బిడ్డా, నేను!”

మధ్యాహ్నం బంతి చివర మోదుగ దొప్పల్లో వడ్డించాం. మొదటి దొప్ప సేటు తల్లికి. ఆమె ముద్ద మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుంది. కళ్లు గట్టిగా మూతబడ్డాయి. చెయ్యి నుదుటికి పోయింది. సేటు పీట మీద నుంచి లేచాడు. అక్క నా మణికట్టు పట్టుకుంది. పదకొండు సెకన్లు గడిచాయి, నేను లెక్కపెట్టాను.

“ఇంకోటి దెమ్మను,” అంది పెద్దామె కళ్లు తెరవకుండానే. “గింత చిన్నది కాదు.”

సేటు అక్కడే, అందరి ఎదుటా, మొలతాడుకున్న తాళపుచెవి విప్పి అక్క చేతిలో పెట్టాడు.

మేం నలుగురం గంగాళాలు కడగకుండానే స్టేషన్ రోడ్డుకు నడిచాం. గది పొడవు పద్దెనిమిది అడుగుల మూడంగుళాలు, వెడల్పు పది. ఉప్పునీళ్లు పోయేందుకు నేల తూర్పుకు వాలాలి. నాలుగు బకెట్లు పడతాయన్నాను.

“ఆరు,” అంది అక్క.

“ఆరైతే మోచేతులు తగుల్తయి.”

“తగుల్తయో లేదో చూద్దాం పా.”

నలుగురం వరుసగా గొంతుక్కూర్చున్నాం. మిగతా ఇద్దరి కోసం అక్క దారినపోయే సోడాలాయననూ, అతని తోడల్లుణ్ణీ లోపలికి పిలిచింది. ఖాళీ గదిలో, లేని బకెట్ల లేని పిడులను ఆరుగురం ఒకేసారి తిప్పాం. నా మోచెయ్యి హమాలీ పక్కటెముకల్లో దిగింది, అతనిది మందుగుండు ముసలాయనకు తగిలింది, ఆయన వెళ్లి సోడాలాయన మీద పడ్డాడు. అందరికన్నా చివర కూర్చున్న అక్కకు మాత్రం ఎవరూ తగల్లేదు.

“సరిపోతయి,” అంది.