“ఇంట్లో సమాధానం కోసం”

రేణిగుంటలో మా ప్రార్థన మందిరానికి చాపలు పరిచే పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. గుండె జబ్బు. ఆ ముందు ఆదివారం కూడా చాపలు తనే దులిపింది.

నేను గోడౌన్‌లో మూటలు మోసేవాణ్ని. గ్రంథం ఎవరూ నేర్పలేదు, కూడబలుక్కుని చదువుకున్నాను. గొంతు మాత్రం పెద్దది, దాంతోనే మందిరంలో బోధకుణ్నయ్యాను. ఆడవాళ్ళు లేచి “ఇంట్లో సమాధానం కోసం ప్రార్థించండయ్యా” అంటే మనశ్శాంతి అడుగుతున్నారనుకునేవాణ్ని. వాక్యం తీసి, సహించమని గట్టిగా చెప్పి ఇంటికి పంపేవాణ్ని.

అలా ఒక చెల్లెలు మూడు ఆదివారాలు అడిగింది. మండుటెండల్లో పొడుగు చేతుల రవిక. మూడుసార్లూ ప్రార్థించాను. నాలుగో ఆదివారానికి ఆమె లేదు. మొగుడు కొట్టి చంపేశాడు.

సమాధి దగ్గర గ్రంథం తెరవబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“మూసెయ్ నాయనా. సమాధానం లేదంటే ఈడ ఆడోళ్ళ బాసలో దెబ్బలని. ఇంత సదివినావు, ఆ ఒక్క మాట అర్థం కాలేదా నీకు?”

అప్పటినుంచి ముందు వరసలో ఆ చనిపోయిన చెల్లెలి కోసం ఒక చాప ఖాళీగా ఉంచేది. ఎవరైనా కూర్చోబోతే, “లెయ్ అప్పా, అది ఆ పాపది. నీ బరువుకి చినిగిపోతాది” అని నవ్విస్తూనే లేపేది. ఎవరు సమాధానం అడిగినా నా ఆమెన్ దాకా ఆగేది కాదు. చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయి, గంజి పోసి, “యాడ తగిలింది తల్లీ?” అని అడిగేది. ఆస్పత్రికి, స్టేషన్‌కు తోడు పోయేది. మొగుడు వాకిట్లోకి వచ్చి అరిస్తే నాకు కబురు చేసేది: “నీ గొంతుకు ఇప్పుడు పనుండాది, రా.” నా జీవితంలో పనికొచ్చిన ప్రసంగాలు ఆ వాకిట్లో చేసినవే.

అలసిపోయాను. ఇన్నేళ్ళయినా ఆ మనవి ఆగలేదు. చదువుతున్న మీకు ఒక్క మాట: మీ వీధిలో ఆడవాళ్ళు దెబ్బల్ని ఏ మాట వెనక దాస్తున్నారో వినండి. నాలాగా ఆలస్యంగా వినకండి.

మొన్న ఆదివారం చాపలు నేనే పరిచాను. వంకరగా వచ్చాయి. ముందు వరసలో ఆ ఒక్కటీ పరిచాను. మనవులప్పుడు వెనక ఒక అమ్మాయి లేచింది. “ఇంట్లో సమాధానం...” గ్రంథం బల్ల మీద పెట్టి ఆమె దగ్గరికి నడిచాను. గొంతు తగ్గించడం నాకు చేతకాదు. అయినా తగ్గించాను.

“యాడ తగిలింది తల్లీ?”

ఆమె మెల్లగా ముందుకు వచ్చి, ఆ ఖాళీ చాప మీద కూర్చుంది. ఎవరూ లెయ్యమనలేదు.