తొమ్మిదో అధ్యాయం కోసం మెట్లు ఊడ్చిన హాస్లర్

తను స్వయంగా చేసి చూడని పనిని వెండెలిన్ హాస్లర్ చచ్చినా అనువాదం చేయడు. అదొక్కటే ఆయన జబ్బు. మిగతా అన్ని విధాలా బుద్ధిమంతుడే. పోర్చుగీసు నవలల్ని జర్మనులోకి తేవడం ఆయన వృత్తి, మధ్యమధ్యలో పత్రికలకి వ్యాసాలు రాయడం సరదా. నవల్లో ఎవడైనా పచ్చి ఉల్లిపాయ కొరికాడంటే ఈయనా కొరకాలి. వాడు ఏడిస్తే ఈయనా ఏడవాలి. అదృష్టం బాగుండి ఒకే పేజీలో ఆ రెండూ వస్తే ఆ రోజు పని తొందరగా తెమిలేది.

ష్టుట్‌గార్ట్‌లోని ఆ నాలుగంతస్తుల ఇంట్లో ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఒట్టిలీ బ్రెన్నర్. డెబ్బై నాలుగేళ్ళ ఆవిడ, భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. హాస్లర్‌ది పైవాటా, ఆవిడది సరిగ్గా దాని కింద వాటా. కాబట్టి పోర్చుగీసు సాహిత్యం పుస్తకాల్లోకి రాకముందే బ్రెన్నరమ్మ నెత్తిమీద జరిగిపోయేది. గుర్రపుస్వారీ నవల నడిచిన రెండు నెలలూ ఆవిడ చెవుల్లో దూది పెట్టుకునే వంట చేసుకుంది.

ఒకసారి రెండు రోజులు దాటినా పైవాటా నించి ఉలుకూ పలుకూ లేదు. మనిషి ఉన్నాడా పోయాడా అని కంగారుపడి బ్రెన్నరమ్మ పైకెళ్ళింది. తలుపు తీసే ఉంది. గదిలో ఎవరూ లేరు. ఆవిడ పేరు పెట్టి పిలిస్తే బీరువా పలికింది. నవల్లో ప్రియుడు మూడు రోజులు బీరువాలో దాక్కుంటాడట, ఇప్పటికి రెండున్నర అయిందట, ఇంకొక్క పూట ఓపిక పట్టమన్నాడు. ఆవిడ కిందికొచ్చి గిన్నెడు పప్పూ, రెండు సాసేజీలూ తీసుకెళ్ళి బీరువా తలుపు సందులోంచి అందించింది. ఆ ప్రియుడికి తిండి పెట్టేవాళ్ళే లేరని లోపల్నించి అభ్యంతరం వచ్చింది. గిన్నె మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది.

వ్యాసాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 'ఎదురుచూడటం' మీద రాయమని ఓ పత్రికవాళ్ళు అడిగితే, ఆదివారం పొద్దున్నే వెళ్ళి మూసి ఉన్న బేకరీ ముందు నిలబడ్డాడు. గంట తిరిగేసరికి వెనకాల పదకొండు మంది వరసలో చేరారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ముందు ఒకాయన నిలబడ్డాడంటే ఏదో కారణం ఉండే ఉంటుంది కదా. పన్నెండింటికి హాస్లర్ రాసుకోవడం ముగించి ఇంటిదారి పట్టాడు. వెంటనే వరస మొత్తం ఒక అడుగు ముందుకి జరిగింది. పని జరుగుతోందన్న తృప్తితో అందరూ సాయంత్రందాకా అక్కడే ఉన్నారట.

ఇక ఆ ఇంటి యజమాని గోట్‌హిల్ఫ్ ఫిస్టరర్. కింది అంతస్తులో ఉంటాడు, పొట్టి మనిషి. ఆ ఊళ్ళో మెట్ల వారం అంటే ఏమిటో పసిపిల్లలకి కూడా తెలుసు. చిన్న చెక్కపలక ఎవరి తలుపుకి వేలాడితే ఆ వారం వాళ్ళ వంతు. పైనించి కిందిదాకా మెట్లు ఊడ్చాలి, తడిగుడ్డ పెట్టాలి, మెట్ల పక్కనుండే కమ్మీ తుడవాలి. శనివారం సాయంత్రం ఫిస్టరర్ వచ్చి కమ్మీ మీద వేలితో రాసి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూస్తాడు. యుద్ధాలు తప్పినా ఇది తప్పదు.

బ్రెన్నరమ్మ నలభై ఒక్కేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. అలాంటిది ఆ ఏడు ఆకులు రాలే కాలంలో మోకాళ్ళు మొరాయించాయి. వరసగా రెండు వంతులు తప్పాయి. ఫిస్టరర్ పైకొచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, చాలా మర్యాదగా చెప్పాడు. ఒప్పందంలో ఉంది, మూడోసారి తప్పితే వాటా ఖాళీ చెయ్యాలి. వృద్ధాశ్రమంలో మెట్లే ఉండవు, హాయిగా ఉంటుంది. పైగా తన చెల్లెలు వాటా కోసం చూస్తోంది.

ఎవరినన్నా సాయం అడగొచ్చు కదా అంటారేమో. బ్రెన్నరమ్మ సంగతి తెలియక అంటారు ఆ మాట. రెండో అంతస్తావిడ ఒకసారి జాలిపడి "నేను ఊడుస్తాలెండి" అన్న పాపానికి ఆర్నెల్లు ఆవిడతో మాట్లాడలేదు. తన మెట్లు తను ఊడ్చుకోలేదన్న మాట పడేకన్నా ఇల్లు వదిలిపోవడమే నయమనుకునే మనిషి.

మూడో వంతు శనివారం రానే వచ్చింది. ఆవిడ బకెట్టు పట్టుకుని రెండు మెట్లు తుడిచి, మూడో మెట్టు మీద కూలబడిపోయింది. ఇక లేవలేనని తెలిసిపోయింది. అప్పుడే హాస్లర్ నడుముకి ఏప్రను కట్టుకుని పైనించి దిగాడు.

"బ్రెన్నరమ్మ గారూ, నా కొంప మునిగేలా ఉంది" అన్నాడు. "తొమ్మిదో అధ్యాయంలో ఒకాయన ఇంటి మెట్లన్నీ ఊడుస్తాడు. అదీ తన వంతు కాదు, ఇంకొకరి వంతు. నాలుగు రోజుల్నించి పెన్ను కదలట్లేదు. మీ వారం నాకు ఇప్పించకపోతే ఈ పుస్తకం ఆగిపోయినట్టే."

"మీ వంతప్పుడు ఊడ్చి చూసుకోండి."

"తన వంతప్పుడు ఊడ్చేవాడి నడుము వేరు, ఇంకొకరి వంతప్పుడు ఊడ్చేవాడి నడుము వేరు. నాకు రెండోది కావాలి."

బీరువాలో మూడు రోజులు కూర్చున్న మనిషి కదా, ఆవిడ నమ్మింది. సాహిత్యం కోసమైతే సరేనని చీపురిచ్చింది. హాస్లర్ వెళ్ళి అడుగు మెట్టు దగ్గర మొదలుపెట్టాడు.

"కిందినించి పైకి ఊడుస్తారా ఎవరైనా? మీ చదువు ఏడ్చినట్టే ఉంది" అని బ్రెన్నరమ్మ తన గుమ్మం ముందు కుర్చీ వేయించుకుంది. ఇక ఆ పూటంతా ఆవిడ చెప్పడం, ఆయన తుడవడం. మూలలు వదిలేశాడని తిట్టింది, గుడ్డ సరిగా పిండలేదని మళ్ళీ పిండించింది. ఎన్నేళ్ళకో ఆవిడ మొహం విప్పారింది.

సాయంత్రం ఫిస్టరర్ వచ్చి గుడ్లు తేలేశాడు. వంతు ఒకరిదీ, చెయ్యి ఇంకొకరిదీనా అని కిందికెళ్ళి ఒప్పందం మొత్తం రెండుసార్లు చదివాడు. సాహిత్యం కోసం ఊడవకూడదని అందులో ఎక్కడా లేదు. పైకొచ్చి, ఊరికే తెలుసుకుందామని, ఆ పుస్తకంలో ఇంటి యజమాని కూడా ఉన్నాడా అని అడిగాడు. లేకేం, కమ్మీ మీద వేలు పెట్టి దుమ్ము చూస్తాడు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి అని హాస్లర్ చెప్పాడు. తర్వాతి తనిఖీకి ఫిస్టరర్ టై కట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత మీసం కూడా పెంచాడు.

చలికాలం పోయి వసంతం వచ్చినా తొమ్మిదో అధ్యాయం తెమల్లేదు. బ్రెన్నరమ్మ తలుపుకి పలక వేలాడిన ప్రతిసారీ హాస్లర్‌కి అందులో ఏదో ఒక వాక్యం అడ్డం పడేది. ఆవిడ కుర్చీలో కూర్చుని పాఠం చెప్పేది. వాటా నిలిచింది.

మే నెలలో పుస్తకం అచ్చయింది. హాస్లర్ ఆవిడకో ప్రతి ఇచ్చి, అక్షరాలు మరీ చిన్నవనీ, చదివితే కళ్ళు పాడవుతాయనీ, బల్ల మీద ఉంచుకోడానికైతే బాగుంటుందనీ చెప్పి వెళ్ళాడు. ఆవిడ భూతద్దం తెచ్చుకుని ఆ వారమంతా చదివింది. మొదటి పేజీ నించి చివరి పేజీ దాకా సముద్రం మీద చేపల పడవ. తొమ్మిదో అధ్యాయం పొడుగూతా ఐదుగురు మనుషులు వల అల్లుతూనే ఉన్నారు, పడవ యజమాని పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాడు. మెట్ల మాట దేవుడెరుగు, ఆ పడవలో చీపురు పుల్ల కూడా లేదు.

బ్రెన్నరమ్మకి ఒళ్ళు మండిపోయింది. అంటే ఇన్నాళ్ళూ నా మీద జాలిపడ్డాడన్న మాట. పైకెళ్ళి నాలుగు దులిపేద్దామని లేచింది. లేచాక, ఆరు నెలలపాటు తన చేత తిట్లు తింటూ, మళ్ళీ పిండమంటే మళ్ళీ పిండిన మనిషి గుర్తొచ్చాడు. ఒక్కసారైనా జాలిగా చూశాడా అంటే లేదు. ఆవిడకి కళ్ళు చెమర్చాయి, మహా చిరాకేసింది.

అంతలో తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఫిస్టరర్, చంకలో అదే పుస్తకం.

"ముప్ఫై పేజీలు చదివాను బ్రెన్నరమ్మ గారూ. అన్నీ నీళ్ళే. ఇందులో నేనెక్కడున్నాను? అసలు మెట్లెక్కడున్నాయి?"

ఆ పూట గనక నిజం బయటపడితే వచ్చే నెలకల్లా వాటా ఆయన చెల్లెలిది. బ్రెన్నరమ్మ జన్మలో అబద్ధమాడి ఎరగదు. మెట్ల మీద హాస్లర్ అడుగులు వినిపించాయి, మాటలు విని దిగినట్టున్నాడు. వచ్చి తెల్లబోయి నిలబడ్డాడు.

"తొమ్మిదో అధ్యాయం దాకా వెళ్ళండి" అంది ఆవిడ. "పడవ యజమాని ఉన్నాడు చూడండి, వల మీద వేలు పెట్టి ఒక్కో ముడీ చూస్తాడు. అది మీరే. ఉన్న మనిషిని ఉన్నట్టు పుస్తకంలో పెడితే బాగుండదని, జర్మనులోకి తెచ్చేటప్పుడు మెట్లని సముద్రం చేశారు. అంతేనా హాస్లర్ గారూ?"

హాస్లర్ తల గట్టిగా ఊపాడు.

ఫిస్టరర్ అక్కడే నిలబడి ఆ పేజీ వెతుక్కుని చదివాడు. "నాకు ఈత కూడా రాదు" అన్నాడు. పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, కమ్మీ మీద వేలైనా పెట్టకుండా దిగిపోయాడు.

ఇద్దరూ మిగిలారు. హాస్లర్ చెవులదాకా ఎర్రబడి తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

"తర్వాతి పుస్తకం దేని గురించి?" అంది బ్రెన్నరమ్మ.

"ఎడారి గురించండి."

"అందులో మెట్లున్నాయా?"

హాస్లర్ తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూశాడు.

"బోలెడున్నాయి" అన్నాడు.

"అయితే శనివారం ఎనిమిదింటికల్లా దిగండి. ఈసారి మూలలు వదిలేస్తే మాత్రం ఊరుకోను."