మా క్యాంపు మేయర్ ఎన్నికలో ఎర్ర స్టిక్కర్లు

2018 ఎండాకాలం. జుబైల్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీ లేబర్ క్యాంపులో నేను క్యాంపు అడ్మిన్‌గా ఉన్నాను. పేరు మహబూబ్ బాషా, మాది రాయచోటి వైపు. క్యాంపు అడ్మిన్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. ఎవరికి ఏ గది, ఏ బస్సు ఎన్నింటికి, ఏ ఏసీ నీళ్ళు కారుస్తోంది, ఎవరి ఇకామా ఎప్పుడు తీరిపోతుంది అని రాసుకుంటూ అందరి చేతా తిట్లు తినడమే పని. ఇకామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు. పదకొండేళ్ళు చేశాను ఆ ఉద్యోగం. అన్నేళ్ళలో నా గుండె అంత జోరుగా కొట్టుకున్న రోజు మాత్రం ఒక్కటే, ఓట్లు లెక్కపెట్టిన రోజు.

సౌదీలో లేబర్ క్యాంపులో ఓట్లేమిటని ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. మేం నిజంగానే మేయర్‌ని ఎన్నుకున్నాం.

ఆ ఏడాది బయటి దేశాల పనివాళ్ళ మీద కంపెనీలు కట్టాల్సిన లెవీ పెరిగింది. నితాఖత్ అప్పటికే నడుస్తోంది. కంపెనీలో సౌదీ వాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసి ప్రభుత్వం ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు ఇస్తుంది. ఆకుపచ్చలో ఉంటే పనులు సాగుతాయి, పసుపులో పడితే ప్రతి కాగితం దగ్గరా తంటా, ఎరుపు అయితే ఇక చెప్పక్కర్లేదు. మేం పసుపులో పడ్డాం. కంపెనీ రెండో క్యాంపు మూసేసి అక్కడి వాళ్ళనూ మా క్యాంపులోకి తోసింది. చాలామంది ఎక్కువైపోయారు. యాన్బులో ఒక కాంట్రాక్టరు నలభై మందిని తీసుకుంటానన్నాడు. ఆ నలభై మందికి కఫీల్, అంటే వీసాకి పూచీ ఉండే యజమాని, మారతాడు, పని ఉంటుంది. ఎక్కువైన మిగతావాళ్ళకి ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇంటిదారి.

ఆ నలభై పేర్లూ నన్నే రాయమన్నారు హెచ్.ఆర్. వాళ్ళు. ఆ మాట బయటికి పొక్కిన సాయంత్రం నుంచి మెస్సులో నా సలాముకి జవాబు చెప్పినవాడు లేడు. ప్రాజెక్టు మేనేజర్ ఓవెన్ దగ్గరికి పోయి, "నా వల్ల కాదు సార్, మనుషులే తమలో ఒకణ్ణి ఎన్నుకోనీండి, వాడు హెచ్.ఆర్. పక్కన కూచుని రాయిస్తాడు" అన్నాను.

ఓవెన్ ఐర్లండ్ మనిషి. ఎర్రటి మొహం, ఎప్పుడూ నవ్వు. "మా ఊరికంటే ఈ క్యాంపే పెద్దది. మేయర్‌ని ఎన్నుకోండి" అన్నాడు. ఆ రోజు నుంచి అందరికీ ఆ పదవి పేరు మేయరే అయిపోయింది.

చేతులెత్తి ఎన్నుకుంటే ఏమవుతుందో మాకు తెలుసు. అంతకు ముందు ఏడాది మెస్ కమిటీకి అట్లాగే చేశాం. అందరికంటే ఎక్కువమంది తెలంగాణ వాళ్ళు కాబట్టి వాళ్ళ మనిషే గెలిచాడు. పాకిస్తానీలు, బెంగాలీలు, నేపాలీలు కంచాలు బల్లల మీదే వదిలేసి లేచిపోయారు. ఈసారి నలభై మంది బతుకుతెరువు లిస్టులో ఉంది. కంచాలతో పోయేది కాదు.

ఓవెన్ తన దేశంలో ఓట్లేసే పద్ధతి చెప్పాడు. ర్యాంక్డ్ చాయిస్ అంటారు. ఒకే పేరు కాదు, మొదట ఎవరు, తర్వాత ఎవరు, ఆ తర్వాత ఎవరు అని వరస చెప్పాలి. సగానికి మించి ఎవరికీ రాకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాణ్ణి తీసేసి, వాడి ఓట్లను ఆ కాగితాల మీద ఉన్న తర్వాతి పేర్లకు పంచుతారు. నేను మెస్సులో బల్ల ఎక్కి హిందీలో చెప్పాను. "చేపలు అయిపోతే చికెన్ అడుగుతారు కదా, చికెన్ కూడా అయిపోతే పప్పు. అంతే." అందరూ తలలూపారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పోటీకి నలుగురు నిలబడ్డారు. మొదటివాడు గంగాధర్, కోరుట్ల దగ్గరివాడు, స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. స్కాఫోల్డింగ్ అంటే ఎత్తులో పనిచేయడానికి పైపులతో కట్టే పరంజా. దాన్ని తనిఖీ చేసి ట్యాగు తగిలించడం అతని పని. ఆకుపచ్చ ట్యాగు ఉంటే ఎక్కొచ్చు, పసుపు ఉంటే బెల్టు తగిలించుకుని జాగ్రత్తగా ఎక్కాలి, ఎరుపు ఉంటే కాలు పెట్టకూడదు. మహా కచ్చితమైన మనిషి. ఎర్ర ట్యాగున్న పరంజా ఎక్కారని ఇద్దరు బెంగాలీ హెల్పర్లను అప్పటికప్పుడు సైటు నుంచి పంపించేశాడు. యాభై దాటాయి, ఇకామా ఇంకో రెండు నెలల్లో తీరిపోతుంది. యాన్బు లిస్టులో లేకపోతే అతను ఇంటికే. ఇంకా ఇద్దరు ఆడపిల్లల చదువులున్నాయి.

రెండోవాడు అస్లం, పాకిస్తానీ క్రేన్ ఆపరేటరు, తక్కువ మాట్లాడతాడు. మూడోవాడు రఫీక్, బెంగాలీ ప్లంబరు. నాలుగోవాడు తేజ్ బహదూర్, నేపాలీ స్టోర్‌కీపరు.

నాకు ఫారాలు తయారుచేయడమంటే పిచ్చి. చదవడం రానివాళ్ళ కోసం బ్యాలెట్ మీద నలుగురి ఫొటోలూ వేశాను. అంకెలతో గొడవ లేకుండా సేఫ్టీ స్టోర్ నుంచి రంగు స్టిక్కర్లు తెచ్చాను. మనిషికి మూడు. ఆకుపచ్చది మొదటి ఇష్టానికి, పసుపుది రెండో ఇష్టానికి, ఎర్రది మూడో ఇష్టానికి. కింద నా సంతకం, క్యాంపు ముద్ర. నిబంధనలు ఇంగ్లీషులో, హిందీలో గోడకి అంటించాను. ఎంత ముచ్చటగా ఉందో ఆ కాగితం! ఓవెన్ కూడా భుజం తట్టాడు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మెస్సు హాలులో ఓట్లు. పై భాగం కోసిన పెద్ద నీళ్ళ క్యాను మా డబ్బా. వరస బయట ఎండలోకి సాగింది. ఒకడు చొక్కా ఇస్త్రీ చేసుకొచ్చాడు, ఒకడు సెంటు కొట్టుకొచ్చాడు. చాలామంది ఊళ్ళో ఓటు వేసి ఎన్నేళ్ళయిందో. నాకు పెళ్ళి పందిట్లో తిరుగుతున్నట్టుంది.

హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఎల్లయ్య వచ్చాడు. మా క్యాంపు తెలుగువాళ్ళలో అందరికంటే పెద్ద. ఎర్ర స్టిక్కరు వేలికి అంటించుకుని నా ముందు నిలబడ్డాడు.

"బాషా సాబ్, ఈ ఎర్రది ఎవ్వనికి పెట్టాలె? నాకెవ్వని మీద కోపం లేదు గదా."

"కోపంతో పనేముంది మామా, అది మూడో ఇష్టం. యాడో ఒకచోట అంటించెయ్. మూడూ అంటియ్యకుంటే ఓటు చెల్లదు."

"ఏడ పెట్టినా నడుస్తదా?"

"నడుస్తాది మామా, పద, ఎనక మంది నిలబడినారు."

అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. నవ్వుకుంటూ తర్వాతి మనిషికి స్టిక్కర్లు ఇచ్చాను.

రెండు వందల ఓట్లు పడ్డాయి. గెలవాలంటే నూట ఒకటి కావాలి. ఓవెన్ ఒక్కో కాగితం ఎత్తి చూపిస్తూ చదువుతుంటే నేను బోర్డు మీద గీతలు పెట్టాను. గంగాధర్ ఎనభై రెండు, అస్లం యాభై ఎనిమిది, రఫీక్ నలభై రెండు, తేజ్ బహదూర్ పద్దెనిమిది. తెలుగువాళ్ళు బల్లలు చరిచారు. పాతకాలం లెక్క అయితే అక్కడితో సరి. ఇప్పుడు కాదు! నేపాలీని తీసేసి, అతని పద్దెనిమిది కాగితాల్లో పసుపు స్టిక్కర్లు ఎక్కడున్నాయో చూశాం. ఏడు గంగాధర్‌కి, ఏడు అస్లంకి, నాలుగు రఫీక్‌కి. ఎనభై తొమ్మిది, అరవై అయిదు, నలభై ఆరు. హాలులో ఒక్కడూ కూర్చుని లేడు. వంటవాళ్ళు గరిటెలతోనే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. నా చేతిలో మార్కరు జారిపోతోంది, అంత చెమట.

తర్వాత రఫీక్‌ని తీసేశాం. అతని కుప్పలో ఉన్న నలభై ఆరు కాగితాలే ఇక తేల్చాలి. వాటిలో ఇరవై ఏడింటి మీద పసుపు స్టిక్కరు అస్లం మొహం పక్కన ఉంది. అస్లం ఎగబాకాడు. తొంభై రెండు! పాకిస్తానీలు కేకలు. మిగిలినవి పంతొమ్మిది. వాటిలో మొదటి రెండు ఇష్టాలూ అప్పటికే పోటీ నుంచి పోయినవాళ్ళకే. ఇక చూడాల్సింది ఎర్ర స్టిక్కర్లే.

ఓవెన్ చదివాడు. "రెడ్, గంగాధర్." గీత. "రెడ్, గంగాధర్." గీత. మళ్ళీ గంగాధర్. పంతొమ్మిదిలో పదహారు గంగాధర్‌కే, మూడు అస్లంకి. నూట అయిదు, తొంభై అయిదు. గంగాధర్ గెలిచాడు.

"గెలిచినమే అన్నా!" అంటూ తెలుగు పిల్లలు అతన్ని భుజాల మీదికి ఎత్తేశారు. నేను కూడా ఈల వేశాను, దాచుకోవడమెందుకు.

అప్పుడు రఫీక్ బోర్డు దగ్గరికి వచ్చాడు. అతని మొహం పాలిపోయి ఉంది. "బాషా భాయ్, హమ్ నే తో లాల్ లగాయా థా. లాల్ మతలబ్ మనా హై. ఫిర్ ఓట్ ఉసీకో కైసే గయా?" అన్నాడు. మేం వద్దని పెట్టిన ఎరుపు అతనికి ఓటు ఎట్లా అయిందని.

గబగబా గంగాధర్ కుప్ప తిరగేశాను. అతని సొంత మనుషుల కాగితాల్లో ఎర్ర స్టిక్కరు దాదాపు అన్నింటిలోనూ అస్లం మీదే. అస్లం కుప్ప తీశాను, అందులో గంగాధర్ మీద. రోజూ పొద్దున పరంజా ఎక్కే ముందు ట్యాగు చూసుకునే మనుషులు వీళ్ళు. ఎర్ర రంగు చేతిలో పెట్టి, ఇది కూడా ఇష్టమే అని నేను గోడ మీద రాస్తే, ఆ గోడని ఎవరు చూస్తారు? చేప, చికెన్, పప్పు అని బల్లెక్కి అరిచిన నా తెలివి ఏ గాలికి పోయిందో.

ఓవెన్ మొహమాటంగా గోడ వైపు చూశాడు. రాసిన నిబంధన ప్రకారం ఎరుపు అంటే మూడో ఇష్టం, గెలిచింది గంగాధర్. మళ్ళీ ఓట్లు పెట్టడానికి వీల్లేదు. మర్నాడు పొద్దున షట్‌డౌన్ మొదలవుతోంది, అంటే ప్లాంటు ఆపి చేసే రిపేరు పని, మనుషులు రెండు షిఫ్టుల్లోకి విడిపోతారు. హెచ్.ఆర్.కి ఆ సాయంత్రానికే పేరు కావాలి. హాలులో రెండు వైపులా గొంతులు లేస్తున్నాయి.

గంగాధర్ పిల్లల భుజాల మీది నుంచి దిగాడు. "ఆ పదహారు ఇటియ్యి బాషా భాయ్" అన్నాడు.

ఇచ్చాను. ఒక్కొక్కటీ చూశాడు. ప్రతిదాని మీదా తన ఫొటో, దాని పక్కన గుండ్రటి ఎర్ర చుక్క. తన ఇకామా సంగతి, ఇద్దరు కూతుళ్ళ సంగతి అతనికి గుర్తు రాకుండా ఉంటాయా? ఆ కాగితాలు పట్టుకున్న అతని చేతి వంకే చూస్తూ నిలబడ్డాను.

"ఇది నేను నేర్పిందే" అన్నాడు మెల్లగా. తర్వాత తనవాళ్ళ వైపు తిరిగాడు. "ఎర్ర ట్యాగున్న స్కాఫోల్డ్ ఎక్కుమని మీకెప్పుడన్న చెప్పిన్నా?"

ఒకడు ముందుకొచ్చి, "పిచ్చానే అన్నా నీకు? రూలు ప్రకారం నువ్వే గెల్చినవ్" అన్నాడు.

"అడిగినదానికి చెప్పురా. చెప్పిన్నా?"

"లేదు."

"మరి నన్నెట్ల ఎక్కుమంటున్నరు? పదహారు ట్యాగులున్నయి ఈడ. బాషా భాయ్, తీసెయ్ అవి. లెక్కలకు రావు."

నేను గుడ్డతో బోర్డు తుడిచాను. ఎర్ర స్టిక్కర్లన్నీ పక్కన పెడితే అస్లం తొంభై రెండు, గంగాధర్ ఎనభై తొమ్మిది. మూడు ఓట్లు! అస్లం హాలు దాటి వచ్చి గంగాధర్‌ని గట్టిగా కౌగిలించుకున్నాడు. రఫీక్ మనుషులు ముందు చప్పట్లు మొదలుపెట్టారు. కాసేపటికి తెలుగువాళ్ళూ కలిశారు, కొందరు కళ్ళు తుడుచుకుంటూ. నాకైతే ఏడుపు ఆగలేదు. సంతోషంతోనా సిగ్గుతోనా అని అడిగితే చెప్పలేను.

అస్లం మూడు రోజులు గది గదికీ తిరిగి లిస్టు తయారుచేశాడు, పక్కన గంగాధర్‌ని పెట్టుకుని. ఎవరి దేశం అన్నది చూడలేదు, ఏ పనికి ఎవరు కావాలో చూశాడు. నలభైలో పదిహేడు మంది తెలుగువాళ్ళు. పదకొండో పేరు గంగాధర్‌ది. వయసెక్కువ కదా అని హెచ్.ఆర్. ఆయన పెన్ను పెట్టబోతే, ఆ పేరు కొట్టేస్తే మిగతా ముప్ఫై తొమ్మిదీ మీరే రాసుకోండి అని అస్లం లేచి నిలబడ్డాడట. ఆ పేరు ఉండిపోయింది.

యాన్బు బస్సు ఎక్కే పొద్దున గంగాధర్ అస్లం గది తలుపు గడియకి ఒక ఆకుపచ్చ ట్యాగు కట్టాడు. తేదీ వేసి సంతకం చేశాడు. "ఏడు రోజులకొక్కసారి చెక్ జెయ్యాలె. నేనుండ, నువ్వే జూడు బాషా భాయ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నేను క్యాంపులో ఉన్నన్నాళ్ళూ ప్రతి శుక్రవారం పోయి దాని మీద సంతకం పెట్టాను.

యాన్బు బస్సు పోయిన వారమే బ్యాలెట్లు ఫైలులో సర్దుతుంటే గంగాధర్ కుప్పలో ఒక కాగితం కనబడింది. ఆకుపచ్చ గంగాధర్‌కి, పసుపు అస్లంకి. ఎర్రది నాలుగు ఫొటోలలో దేని మీదా లేదు. అన్నిటికంటే కింద, సరిగ్గా నా సంతకం మీద ఉంది.

ఎవరిదో అడగక్కర్లేదు. ఎల్లయ్య వరండా ఊడుస్తుంటే కాగితం చూపించాను. "ఏంది మామా ఇది, నా మీద పెట్టినావు?"

చీపురు గోడకి ఆనించి నవ్వాడు. "ఏడ పెట్టినా నడుస్తదంటివి గద. ఆ నలుగురు మంచోళ్ళే. నువ్వే, మాకు తెల్సిన రంగులు మళ్ల కొత్తగ నేర్పవడ్తివి."

తర్వాత కూడా చాలా ఫారాలు చేశాను, అవన్నీ ముచ్చటగానే ఉండేవి. కానీ ప్రింటుకి పంపే ముందు ఒకటి ఎల్లయ్య చేతికిచ్చి, దీన్ని చూస్తే నీకేం అర్థమైంది మామా అని అడిగేవాణ్ణి. ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. పదకొండేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్న పని అదొక్కటే.