చేట మీద పెట్టిన ఓట్లు

జర ఇటు జరిగి కూర్చో. ఆ గుమ్మం దగ్గర కూర్చుంటే సగం మాట గాలికే పోతుంది. బడిలో పార్టీలు పెట్టించి ఒక సారు నా ఇంటిని ఎట్లా ఆగం చేశాడో చెబుతాను, విను.

అప్పటికి నిజాం కాలం పోయి కొన్నేండ్లయింది. మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఎనిమిదో తరగతి దాకా ఉన్న మా బడికి కొత్తగా ఒక సారు వచ్చాడు. పార్టీ అంటే ఏమిటో పుస్తకం చదివితే తలకెక్కదట, చేతులతో చేస్తేనే ఎక్కుతుందట. పిల్లలను రెండు పార్టీలుగా విడగొట్టాడు. ఒక గుర్తు పెట్టుకోండి, గెలిస్తే ఏం చేస్తారో చెప్పండి, ఇంటింటికీ తిరిగి ఓట్లు అడగండి అన్నాడు. ఓట్లు వేయాల్సింది మాలాంటి పెద్దవాళ్లం. గెలిచిన పార్టీ చెప్పిన ఒక్క పనికి పెద్దసారు ఒప్పుకున్నాడట.

ఆ రెండు పార్టీల నాయకులూ నా కడుపున పుట్టినవాళ్లే! ఎనిమిదో తరగతి చదివే కొడుకుది బొంగరం పార్టీ. గెలిస్తే బడి వెనక ముళ్లపొదలు కొట్టించి ఆటకు జాగ చేస్తామన్నాడు. ఏడో తరగతి బిడ్డది చేట పార్టీ. గెలిస్తే ఆడపిల్లలు మరుగుకు పోవడానికి తడక కట్టిస్తామన్నది.

బిడ్డకు అది ఆట కాదు. బడిలో ఆడపిల్లలకు చాటు లేదు. పొద్దంతా బిగబట్టుకుని ఇంటికి ఉరికి వచ్చేవాళ్లు. మా ఇంటాయన అప్పటికే తేల్చేశాడు.

“పిల్ల ఎదుగుతున్నది. ఎండకాలం దాంక పోనీ. ఆపైన బడి బందు.”

“తడక గడ్తె పంపుతవా బాపూ?”

“గడ్తె పంపుత. గని ఎవలు గడ్తరే?”

ఆ ఒక్క మాట పట్టుకుని అది ఊరంతా తిరిగింది.

నా ఇల్లు మాత్రం రెండు పార్టీల కచేరీ అయింది. పొయ్యిలో బొగ్గులు గోడల మీది రాతలకు పోయాయి. కామునిపున్నానికి చల్లుకుందామని నానబెట్టిన మోదుగుపూల రంగు జెండాలకు పోయింది. అన్నం దగ్గరా అదే గోల.

“అవ్వా, చేటోళ్లకే తొక్కు ఎక్కువేస్తున్నవ్!” అని కొడుకు.

“నీ బొంగరం నంజుకొని తిను. నాకు పిల్లలే ఉన్నరు, పార్టీలు లేవు!” అని గంటె చూపించాను.

ఓట్లనాడు నా పెండ్లి చీర బడిలో తెర అయింది. ఇదేందని అడిగితే, “ఓటు గుట్టుగ ఎయ్యాలె అక్కా” అన్నాడు సారు. తెర వెనక మూతకు చీలిక పెట్టిన రెండు డబ్బాలు. అప్పట్లో పెద్ద ఓట్లలోనూ అంతే, ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. బొమ్మ కన్నా వస్తువైతే అందరికీ తెలుస్తుందని సారు ఒక డబ్బా ముందు బొంగరం, రెండో డబ్బా ముందు నా ఇంటి చేట పెట్టాడు.

జొన్న కోతల రోజులు. ఆడవాళ్లు చేలల్లోంచి ఒడిలో జొన్నలతోనే వచ్చి ఓటు వేసి పోయారు. తెర వెనక ఎవరూ తొంగిచూడొద్దని సారు కాపలా కూర్చున్నాడు. పొద్దు వాలాక డబ్బాలు విప్పితే, బొంగరం డబ్బా నిండుగా ఉంది. చేట డబ్బాలో నాలుగే చీటీలు.

తెర తీసి చూస్తే చేట నిండా జొన్నలు! ఆ జొన్నల మీద కుప్పగా చీటీలు!

మా దగ్గర ఖాళీ చేట ఎదురుగా ఉంటే ఉత్త చేతులతో పోము. అడిగి తెచ్చుకున్న చేటనైనా పిడికెడు గింజలు పోసే తిరిగి ఇస్తాము. ఒక్కొక్కతీ ఒడిలోంచి గుప్పెడు జొన్నలు పోసి, వాటి మీద చీటీ పెట్టి, దండం పెట్టుకుని వచ్చింది. ఇంకొకరిని అనడమెందుకు, నేనూ అదే చేశాను.

“డబ్బాల వడితెనే ఓటు. బయట వడ్డది చెల్లది” అన్నాడు సారు.

“గట్లెట్ల సారూ? చేటకు ఏస్తమన్నం, చేటల్నే ఏసినం!” అన్నది మా పక్కింటి వదిన.

“కాయిదా కాయిదానే అక్కా, రూలు తప్పొద్దు.”

“నీ కాయిదా మంటల గలువ! మా ముంగట ఖాళీ చేట వెట్టిందెవలు?” అన్నాను నేను.

బిడ్డ ఏడవలేదు. జొన్నల్లోంచి చీటీలు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నది. అది చూడలేక కొడుకు మీద పడ్డాను.

“గెల్చినవు గదరా, చెల్లెకు తడక గట్టు.”

“చూస్తం అవ్వా.”

ఆ మాట ఎవరు నేర్పారో! పొద్దున అడిగితే చూస్తం, మాపు అడిగితే చూస్తం. పోనీ వాళ్ల ముళ్లపొదలైనా కొట్టారా అంటే, పార్టీలో పెద్ద ఎవరన్న కొట్లాటకే పొద్దు చాలలేదు. ఒక్క ముల్లు కదలలేదు.

పది రోజులు ఓర్చుకున్నాను. పదకొండో నాడు చేను కాడ మా ఇంటాయనను నిలదీశాను.

“తడక గడ్తె పిల్లను పంపుతన్నవా లేదా?”

“అన్న.”

“ఎవలు గట్టాలెనో చెప్పినవా?”

“చెప్పలే.”

“అయితె బండ్లె చొప్ప ఎయ్యి.”

మా ఓట్లు చెల్లవన్న కోపం ఇంకా చల్లారని ఆడవాళ్లందరూ తలా ఒక చొప్పకట్ట ఎత్తుకుని వచ్చారు. పగటాలకు, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి, బడి పక్కన తడక లేచింది. “గింత ఒదులుగ గడ్తరా? గాలికి పండుకుంటది” అని సణుక్కుంటూ, మా ఇంటాయనే ముడులన్నీ విప్పి మళ్లీ బిగించాడు. ఎండకాలం పోయాక బిడ్డ ఎనిమిదో తరగతికి పోయింది.

అయితే తడక కట్టిన మర్నాడే దాని మీద ఒక కాగితం కనిపించింది. నాకు వచ్చిన నాలుగక్షరాలు కూడబలుక్కుని చదివాను. ‘ఇది బొంగరం పార్టీ చేసిన పని.’ అంటించింది కూడా నా ఇంటి గంజితోనే!

చీపురు పట్టుకుని కొడుకు వెంటపడితే, “ఓట్లల్ల గెల్చింది మేమే గదవ్వా!” అంటూ ముళ్లపొదల్లోంచే ఉరికాడు.

ఇక లే బిడ్డా, పొద్దుపోయింది. మీ ఇంటి చేట ఎన్నడూ ఖాళీగా ఉండొద్దు, మీ ఆడపిల్లలు ఏ చాటు లేక ఏ గడప నుంచీ వెనక్కి తిరిగి రావొద్దు, మీ ఇల్లు సల్లగుండాలె.