చెయ్యి వణకని హీరో

మా ముత్తాత అప్పలనరసయ్య గారికి భీమునిపట్నం రేవులో రెండు ఓడలుండేవి. తాతగారు వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారు. నాన్నగారి తాగుడు గురించి మాత్రం మా ఇంట్లో ఎవరం బయట నోరు విప్పేవాళ్ళం కాదు.

ఎనభైల్లో ఒకరోజు మద్దిలపాలెం బస్టాండులో నేను బస్సు కోసం కూర్చునుంటే, ఎదురు బెంచీ మీద ఇద్దరు ఉద్యోగస్తులు వారపత్రికలో బొమ్మల సీరియల్ చదువుతూ నవ్వుకుంటున్నారు. అందులో తాగుబోతు హీరో భార్య కన్నీళ్ళు చూసి సీసా పగలగొట్టాడు. మర్నాడే నున్నగా గడ్డం గీసుకుని ఆఫీసుకు బయల్దేరాడు.

"ఒక్క రాత్రికే మానీసినాడేటి బావా!"

"పెద్దింటోడు కదా, పరువుకి మానీసుంటాడు."

వాళ్ళ పక్కనున్న ముసలాయన టీ గ్లాసు అందుకున్నాడు. "గడ్డం గీసుకున్నాడా? సెయ్యి వణకలేదేటి?" అంటూ తువ్వాలు మెడ చుట్టూ వేసుకున్నాడు. ఒక కొనను గ్లాసుతో కలిపి పట్టుకుని, రెండో కొనను ఇంకో చేత్తో లాగుతూ వణికే చేతిని నోటిదాకా తెచ్చుకున్నాడు. "నాను మానీసి వారమయింది."

వాళ్ళిద్దరూ ఇంకా గట్టిగా నవ్వారు. నేను లేచి నిలబడ్డాను.

"మా నాన్నగారూ గ్లాసు అలాగే ఎత్తేవారు. మాదీ పెద్దిల్లే. పరువు కోసమైనా ఆయన మానలేదు."

వాళ్ళిద్దరూ పత్రిక మూసేశారు. ముసలాయన పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

"తువ్వాలేనా బాబూ?"

"జరీ కండువా."

ఓడలు తాతగారి కాలంలోనే పోయాయి. ఇల్లు నాన్నగారు అమ్మారు. ఆ కండువాను, జరీలో వెండి ఉంటుందని, పూర్ణా మార్కెట్‌లో నేను అమ్మాను.